ఊగని పీట

వరహాలు చేసే ప్రతి పీటా ఊగుతుంది. దాని కాలి కింద కాగితం మడిచి పెట్టడం భర్త సత్తిరాజు పని. అందుకే ఆవిడ అరవయ్యో పుట్టినరోజుకి ఆయన కొత్త రకం రంపం కొనిచ్చాడు. చేయి వణికినా అది గీత దాటదు.

మర్నాడు పొద్దున్నే కొత్త పీట బండరాయిలా నిలబడింది. వరహాలు దాన్ని వసారా గోడకి చూపించింది. గోడంతా వీడియో తెర; దాని నిండా ఆవిడ వడ్రంగం గుంపు, లోకం నలుమూలల వాళ్లు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా గోడ గోదావరి యాసలో వినిపిస్తుంది. వరసలు కూడా అదే కలుపుతుంది.

"బాగుంది చెల్లెమ్మా," అన్నాడు ఫిన్లాండ్ యుహా.

"బాగుందక్కా," అంది నైరోబీ వంజీరు.

ఊగని పీటలో సరిచేయడానికేముంది? మామూలుగా ఏ కాలు కోయాలో తేలడానికే పూటంతా పట్టేది. ఐదు నిమిషాల్లో గోడ ఖాళీ అయింది.

"రంపం నచ్చలేదా వరాలూ?" మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాడు సత్తిరాజు.

"మంచిదేనండి. వాళ్లకే పని లేకుండా పోయింది."

ఆవిడ గిన్నెలు సర్దేలోగా ఆయన పాత రంపంతో పీట కాలొకటి అరంగుళం కోసి, గోడ ముందు పెట్టి గుంపుని మళ్లీ పిలిచాడు. పీట ఊగింది.

"ఎవరు కోశారమ్మా అది? ఇంక ఎదురు కాలు కొయ్యాల్సిందే!" గోడలోంచి యుహా గావుకేక.

"నీ మొహం! మూడూ కొయ్యాలి!" అంది వంజీరు.

"ఆగండర్రా, పీట నాది!" తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది వరహాలు.

సత్తిరాజు అలవాటుగా కాగితం మడవబోయి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.