గుడి ముందర అడిగిన మాట

మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి ముందు రెండు ఫ్రెంచి కార్లకు పూజ అయింది. పన్నెండేళ్లుగా వాటిని బాగుచేస్తున్న జానయ్య భుజం మీద యజమాని గజేందర్ చెయ్యి వేశాడు.

"సామి ముందర నిలబడ్డవు జానయ్యా, నిజం చెప్పు. రెండిట్ల ఏది మంచిది?"

జానయ్య నవ్వాడు. "గీ ఎర్ర రెనో ఎనభై అయిదుది. తొక్కితే ఎల్బీనగర్ చౌరస్తాల ఉంటది. ఆగిపోతే మాత్రం సామాను ఫ్రాన్స్ నుంచి రావాలె. గా సిట్రోయెన్ యాభై ఎనిమిదిది, ముసల్ది. మెల్లగ పోతది గానీ, ఏం పాడైనా ఒక్క పానాతోటి రోడ్డు మీదనే బాగైతది. నన్నడిగితే అదే సార్."

కొబ్బరికాయల దుకాణం దగ్గర వింటున్న పెద్దమనిషి ముందుకొచ్చాడు. "చాలు గజేందర్ గారూ. పాతదే తీసుకుంటాను."

జానయ్య నవ్వు ఆగిపోయింది. "దాన్ని ఎన్నడూ అమ్మనన్నరు గదా సార్. నా చేతులనే ఉంటదన్నరు."

"ఏం చెయ్యాలె? ఆయన నా మాట నమ్మలే. గుడి ముందర నువ్వు అబద్ధం చెప్పవని చెప్పిన, వచ్చిండు."

పూజారి చివరగా సిట్రోయెన్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఆ ముసలి బండి గేరు వెయ్యడం జానయ్యకు తప్ప ఎవరికీ రాదు. నిమ్మకాయల మీంచి నడపమని గజేందర్ అతనికి తాళంచెవి అందించాడు.

జానయ్య తీసుకోలేదు. గుడి వైపు ఒకసారి చూసి, పెద్దమనిషి దిక్కు తిరిగాడు.

"సారూ, మంచేందో అడిగితే చెప్పిన. కింద చాసిస్ ఇనుముకు నాలుగు వెల్డింగు అతుకులున్నయి. నేనేసినవే. ఎవరూ అడగలేదు గానీ, అది గూడ నిజమే."

గజేందర్ చాచిన చెయ్యి అలాగే ఉంది. పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి వంగాడు.