గ్లాసుడు నీళ్ళు

"దానికి నీళ్ళు పొయ్యకండి అత్తయ్యా" అంటూ కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికే గ్లాసు ఖాళీ అయిపోయింది.

కిటికీ గట్టు మీద కలంచో మొక్క. దళసరి ఆకులు, ఏడాదికోసారి గుత్తులు గుత్తులుగా పసుపు పూలు. దాన్ని తెచ్చి పెంచింది పెద్దావిడ కొడుకు, అంటే ఈ కోడలి భర్త. ఒక పొద్దున స్కూటర్ మీద పనికి వెళ్ళినవాడు మరి రాలేదు. స్కూటర్ మాత్రం వచ్చింది. దాన్ని పెరట్లో ఓ మూల పట్టా కప్పి నిలబెట్టారు. అటువైపు కోడలు కన్నెత్తి చూడదు.

"ఈ మొక్కకి ఆకుల్లోనే నీళ్ళుంటాయత్తయ్యా. మట్టి బాగా ఎండాకే తడపాలి. ఎక్కువైతే వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆయన ఎన్నిసార్లు చెప్పేవారు మీకు."

"ఎండలో నిలబడింది, దానికి మాత్రం దాహమెయ్యదూ?" అంది పెద్దావిడ. ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టబోతే జారి కింద పడింది. వయసు మీద పడింది మరి, అనుకుంది కోడలు.

మర్నాడు మళ్ళీ గ్లాసుడు. ఆ మర్నాడూ అంతే. గ్లాసు దాచేస్తే మగ్గుతో పోసింది. మొక్కను అందకుండా పైన పెడితే "వాణ్ణి నాకు దూరం చేస్తావా" అని ఏడ్చింది. కోడలు దాన్ని దించి మళ్ళీ గట్టు మీదే పెట్టింది. విచిత్రమేమిటంటే, వరండాలో పెద్దావిడ సొంత కుండీలు బోలెడున్నాయి. వాటిలో ఒక్కదానికీ నీళ్ళు ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. కొడుకు మీదున్న ప్రేమంతా పాపం ఆ ఒక్క మొక్క మీదే కుమ్మరిస్తోంది.

కొన్నాళ్ళకు ఆకులు రంగు మారి, ముట్టుకుంటే ఊడిపోసాగాయి. పెద్దావిడ కునుకు తీస్తుండగా కోడలు కుండీ వంచి చూసింది. వేళ్ళు లేవు. నల్లటి బురద ఉంది. చేత్తో నోరు మూసుకుని, నేల మీద కూలబడి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

కొడుకు పోయాడు. ఇప్పుడు మొక్క కూడా పోయిందంటే ఈవిడ తట్టుకోగలదా?

అలాంటిదే ఇంకొకటి తేవాలి. తేవాలంటే బయటికి వెళ్ళాలి. ఆయన పోయాక ఆమె గుమ్మం దాటలేదు. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం మానేసింది. సరుకులు గేటు దగ్గరికే వచ్చేవి. స్నేహితులు ఫోన్లు చేసి చేసి ఊరుకున్నారు. పెద్దావిడ మొదట్లో బతిమాలింది, తరవాత తిట్టింది, చివరికి ఆ మాటే ఎత్తడం మానేసింది. చెప్పులు వెతికి తీస్తే బూజు పట్టి ఉన్నాయి.

నర్సరీ రెండు వీధుల అవతలే. అంత దూరానికే ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగింది.

"పూలు రాలిపోయాయమ్మా. ఏ రంగో చెప్పలేను. ఆకులు మాత్రం ఇవే" అన్నాడు నర్సరీ ఆయన.

"ఆకులివే అయితే చాలండి. మా అత్తయ్యకి చూపు సరిగా ఆనదు."

పాత కుండీలోనే నాటి గట్టు మీద పెట్టింది. పెద్దావిడ ఆకులు తడిమి, "ఇవాళ కాస్త తేరుకున్నట్టుందే" అంది. కోడలు ఊపిరి పీల్చుకుంది. మర్నాడు గ్లాసుడు నీళ్ళు.

అదీ కుళ్ళింది. మళ్ళీ నర్సరీ. ఆ తరవాతదీ పోయింది. మళ్ళీ నర్సరీ.

"మీ ఇంట్లో ఈ మొక్క మీద పగబట్టినవాళ్ళెవరో ఉన్నారమ్మా" అన్నాడాయన.

"పగ కాదండీ, ప్రేమ" అంది కోడలు. అని, ఎన్నాళ్ళకో నవ్వింది. నవ్వినందుకు వెంటనే ఏడుపొచ్చింది. ఆయన ఏమీ అడక్కుండా స్టూలు జరిపాడు.

ఆ తరవాత మొక్కతో పని లేకపోయినా వెళ్ళేది. ఎండిన ఆకులు తుంచేది, కుండీలు మార్చేది, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడేది. ఎక్కడికెళ్ళావని పెద్దావిడ ఒక్కసారీ అడగలేదు. నిద్రలో ఉండి చూసుకోలేదులే అనుకుంది కోడలు.

ఈసారి తెచ్చిన మొక్క ఎందుకనో బతికి మొగ్గ తొడిగింది. విచ్చుకుంటే ఎర్రగా ఉంది.

"పూసిందా? పసుపేనా?" అంది పెద్దావిడ, రేకులు తడుముతూ.

కోడలు ఆ పువ్వుని ఆకుల చాటుకి తిప్పింది. "పసుపే అత్తయ్యా."

"అదే కదా వాడికిష్టం."

ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగలేదు.

ఆ వారమే నర్సరీ ఆయన, రోజూ పొద్దుటిపూట వచ్చి మొక్కల పని చూసుకోమని అడిగాడు. కోడలు ఇంటికొచ్చి నాన్చి నాన్చి చెప్పింది.

"మిమ్మల్ని ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళను?"

"నాకేమే, వాడి మొక్క తోడుంది. వెళ్ళు."

"దానికి నీళ్ళు మాత్రం పొయ్యకండి."

"పొయ్యనులే."

ఆ మాట కోడలు నమ్మలేదు. అయినా చెప్పులేసుకుంది.

గేటు చప్పుడైంది. అడుగుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, గ్లాసు కడిగి అలమరలో బోర్లించింది. గోడ పట్టుకుని మెల్లగా పెరట్లోకి నడిచి, పట్టా కప్పిన స్కూటర్ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

అక్కడ పాత పాలడబ్బాలో, కొడుకు మొక్కకి మొదటి గ్లాసు పొయ్యకముందే తను తుంచి నాటుకున్న రెమ్మ గుబురుగా పెరిగి నిండా పసుపు పూలు పూసి ఉంటే, పెద్దావిడ మట్టిలో వేలు పెట్టి చూసి, తడి ఇంకా ఆరలేదని నీళ్ళు పొయ్యకుండా లేచింది.