హారన్ లేని బండి

కుక్కర్ రెండో కూత వేసినా తాయారు లేవలేదు. ఇక్కడ ఆమె చేతిలో పిడి కదిలితే, చంద్రుడి మీద తుక్కు కోసే యంత్రం క్షణమాగి కదులుతుంది. ఆటోనగర్‌లో ఇప్పుడు ఇంటింటా ఇదే పని.

తెరమీద దుమ్ములో ఎనిమిది చక్రాల బండి కనబడుతోంది. అప్పట్లో సోవియట్ వాళ్లు భూమ్మీంచే నడిపి, అక్కడే వదిలేసిన బండి.

"తొందరగా కొయ్యమ్మా! పక్క కంపెనీ మిషను వచ్చేస్తోంది. ఇది పోతే రేపట్నుంచి నీకు యంత్రం ఇవ్వను," ఫోన్లో మేస్త్రి కేకలు.

"ఆగు తాయారూ," అన్నాడు మామగారు ఏడుకొండలు, ఒకప్పుడు పాత లారీలు కోసిన మనిషి. "ముందు హారన్ కొట్టి చూడు. పలికిన బండిని మేం కోసేవాళ్లం కాదు."

"దీనికి హారనెక్కడిది మావయ్యా!" విసుక్కుంటూనే తాయారు దానిమీదికి యంత్రం లైటు కొట్టింది. అది తెరమీద కనబడేదాకా ఆమె వేళ్లు బల్లమీద టకటకలాడాయి.

బండి ముందున్న అద్దాల్లోంచి ఆ వెలుగు సూటిగా తిరిగొచ్చింది.

"పలికిందే!" అన్నాడు ఏడుకొండలు. కుక్కర్ మళ్లీ కూసింది. తెర అంచున పక్క కంపెనీ మిషను రంపం చాచి వస్తోంది.

తాయారు పిడి గట్టిగా తిప్పింది. చంద్రుడి మీద ఆమె యంత్రం క్షణమాగి కదిలింది. రంపం మడుచుకుని, ముసలి బండికి అడ్డంగా వెళ్లి నిలబడింది.