చివరి మలుపులో కాలు

చివరి మలుపులో ఓటిస్ కాలు తీసేవాడు. అదే అతని ఉద్యోగం.

కార్ల మీద ఇంకా మోజు తీరని రోజులవి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఊరూరా తిరునాళ్లలో, మట్టి ట్రాక్ మీద డోలన్ అనే ఆసామి కారు పందేలు పెట్టించేవాడు. ఎవడు గెలవాలో పొద్దున కాఫీ దగ్గరే చెప్పేసేవాడు. గెలిచేది ఎప్పుడూ బక్ అనే డ్రైవరే. గోడల మీది పోస్టర్లలో బొమ్మ బక్‌ది. ఓటిస్ పందెమంతా ముందుండి, జనాన్ని లేపి, చివర్లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. తీయకపోతే మర్నాడు కారెక్కనివ్వరు. ఓటిస్‌కి కారు తప్ప వేరే పని రాదు.

ఏటా సెప్టెంబరులో సొంత ఊరి పందెం. కంచె పక్కన తండ్రి అగస్ట్ నిలబడేవాడు. ఒకప్పుడు అదే ట్రాక్ మీద పందేల్లో గుర్రపు బండి తోలి, ఉన్నట్టుండి గుర్రాలమ్మేసిన మనిషి. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"ఏం అగస్ట్, బక్ వెనక దుమ్ము తింటే గానీ నీ కొడుక్కి కడుపు నిండదా?" అనేవాళ్లు పక్కవాళ్లు.

ముసలాయన కళ్లు ట్రాక్ మీదే ఉండేవి. పందెం అవగానే టోపీ దులుపుకుని వెళ్లిపోయేవాడు. కొడుకు ఓడినందుకు సిగ్గనుకునేవాడు ఓటిస్.

ఈ ఏడు అగస్ట్ కర్ర పట్టుకుని వచ్చాడు. మళ్లీ ఏడు రాడని చూస్తేనే తెలుస్తోంది.

"ఒక్కసారి గెలవనివ్వండి బాస్. మా నాన్న ముందు," అన్నాడు ఓటిస్.

డోలన్ చుట్ట నోట్లోంచి తీశాడు. "అయితే నువ్వు సొంతంగా తయారుచేసుకున్నావే, ఆ ఇంజను బక్‌కిచ్చెయ్."

"తీసుకోమనండి."

"ఏరా బక్, ఇవాళ నువ్వు తియ్యాలి కాలు."

"నాకలవాటు లేదు బాస్. వీణ్ణే నేర్పమనండి."

అందరూ నవ్వారు. ఓటిస్ కూడా నవ్వాడు.

గెలిచాడు. ఊరంతా గోల. మొహాన మట్టయినా తుడుచుకోకుండా, కప్పు పట్టుకుని కంచె దగ్గరికి పరుగెత్తాడు.

"నాన్నా, చూశావా!"

అగస్ట్ కప్పు వైపు చూడలేదు.

"చూశాను. చివరి మలుపులో వాడు కాలు తీశాడు."

ఓటిస్ కప్పు కిందికి దించాడు.

"కళ్లేలు బిగబట్టి ఓడిపొమ్మన్నారనే కదరా, నేనా గుర్రాలమ్ముకున్నది," అన్నాడు ముసలాయన, కర్ర కోసం తడుముకుంటూ. "ఈ ఒక్కసారైనా నువ్వు కాలు తీయకుండా ఉంటావేమోనని పదేళ్లుగా వచ్చి నిలబడుతుంటే, ఇవాళ వాడి చేత కూడా తీయించావా!"