వచ్చేవాళ్ల కోసం

అరిజోనా ఎడారిలో బండి ఆపుకోవడానికి చోటు దొరకలేదంటే ఎవరూ నమ్మరు.

ఇల్లులాంటి నలభై అడుగుల మోటర్‌హోమ్ బండి ఉన్నవాళ్లు నమ్ముతారు.

డెల్బర్ట్ పొద్దుటి నుంచి మూడు చోట్లు చూశాడు. ఒకచోట రాళ్లు, ఒకచోట జనం, మరోచోట ఇసుక. ఉన్న ఇల్లు అమ్మి కొన్న బండి అది. దానికేమైనా అయితే మొగుడూపెళ్లాలిద్దరూ రోడ్డున పడాల్సిందే. నడుంనొప్పితో అతనికి స్టీరింగ్ పట్టుకునే ఓపిక కూడా లేదు.

నాలుగో చోటు చూడగానే భార్య నోరీన్‌కు ప్రాణం లేచొచ్చింది. మట్టిదారి పక్కన చదునైన నేల, పొలమంత ఉంది.

నడుమ ఒక మడతకుర్చీ. అందులో ఒక ముసలామె. పొదల పక్కన ఆమె పాత వ్యాను.

ఆ ఎడారిలో ఖాళీ చోట కుర్చీ వేశారంటే, ఎవరికోసమో పట్టి ఉంచారని అర్థం. బస్సు సీట్లో రుమాలు వేసినట్టే.

"ఇక్కడ ఆపకూడదు నాయనా. ఇది ఖాళీగా ఉండాలి."

"ఎవరికోసం?"

"వచ్చేవాళ్ల కోసం. ముందుకెళ్లొద్దు. బండి ఇక్కడే తిప్పుకుని వెళ్లిపోండి."

డెల్బర్ట్‌కు ఒళ్లు మండింది. ప్రభుత్వ భూమి నీ అబ్బ సొమ్మా అని అడిగేశాడు. నోరీన్ కూడా తక్కువ తినలేదు. చుట్టాలకు చోటు పట్టిపెట్టే బుద్ధి కొందరికి కాటికెళ్లేదాకా పోదని వినపడేలా అంది. ముసలామె కుర్చీ పక్కకు జరిపి, బండి తిప్పుకోమని చెయ్యి చూపింది.

ఊరికి తిరిగొచ్చి నోరీన్ అధికారులకు ఫోన్ చేసింది. ఆ నేలలో ఎవరూ పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. వాళ్లు వచ్చి ఎన్నాళ్లుగా ఉన్నావని అడిగితే, ముసలామె అబద్ధం చేతకాక ఆరు చలికాలాలని చెప్పిందట.

మర్నాటికి ఆమె లేదు.

డెల్బర్ట్ ఆ నేల నడిమధ్యన దర్జాగా బండి ఆపి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఇంకా పెద్ద బండి ఒకటి వచ్చింది. డెల్బర్ట్ చెయ్యూపాడు. వాళ్లూ చెయ్యూపి ముందుకు పోయారు. ముందుకెళ్లొద్దన్న మాట అతనికి గుర్తే రాలేదు.

గంట తర్వాత ఆ బండిలోని ఆవిడ చెమటలు కక్కుతూ నడిచొచ్చింది. ముందు దారికి అడ్డంగా ఉన్న ఎండిన వాగు ఇసుకలో చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయట. వాళ్లకూ ఆ బండే ఇల్లట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

ఊరి నుంచి క్రేను తెచ్చిన రూబెన్, డెల్బర్ట్ బండిని చూసి కిందికి దిగాడు.

"ఐడెల్లా ఏదీ?"

"ఆ ముసలామేనా? పంపించేశారు," అన్నాడు డెల్బర్ట్. పంపించింది తామేనని చెప్పడానికి నోరు రాలేదు.

రూబెన్ వాగు వైపు చెయ్యి చూపించాడు.

"ఆరేళ్లుగా ఈ దారి నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు పెద్దాయనా. పెద్ద బండి వెనక్కి తిరగడానికి ఈ దారిలో చోటు ఇదొక్కటే. అంతకు ముందు ఇక్కడ ఎవరో బండి ఆపుకుని ఉంటే, తిప్పుకునే చోటు లేక ముందుకు పోయి, ఆమె మొగుడు వాగులో దిగబడి, ఉన్నట్టుండి వచ్చిన వరదకు బండితో సహా కొట్టుకుపోయాడు. అప్పట్నుంచి ఇంకెవరూ అలా పోకూడదని, ఆమె ఈ చోటు ఖాళీగా ఉంచుతూ కాపలా కూర్చుంది."