రెండు వందల పదమూడో మాట

వీరవేణి నోట "లిరిమ" అన్న మాట వినగానే సుందరి చేతిలోని కొబ్బరి పీచు జారి కింద పడింది.

లిరిమ అంటే వాన. తాటాకు కప్పు మీద చినుకులు పడే చప్పుడులోంచి పుట్టింది. పదేళ్ల వయసులో సుందరీ అమ్మాజీ కలిసి కల్పించుకున్న గంధర్వకన్యల భాషలో అదే మొదటి మాట. ఇద్దరికీ ఇరవై రెండేళ్లొచ్చినా, నగరం అనే ఊళ్లో కొబ్బరి తాళ్లు పేనుతూ ఇంకా ఆ భాషలోనే కబుర్లు. మేస్త్రీ గుడ్లురుముతాడు గానీ, ఒక్క ముక్క అర్థమైతే కదా!

ఇద్దరికీ ఒకటే నోటుపుస్తకం. మాట, అర్థం, పుట్టుక. పుట్టుక లేని మాటకి అందులో చోటు లేదు.

అలాంటిది, నిన్నగాక మొన్న పనిలో చేరిన వీరవేణికి నేర్పేస్తోంది అమ్మాజీ!

"దానికెందుకే మన భాష?"

"సరదాకేలేవే. చురుకైన పిల్ల."

సరదాకా? రోజుకి పది మాటలు. అన్నాల దగ్గర కూడా అప్పజెప్పించుకోవడమే. తప్పితే కసురుకోవడం. "ఆయ్, ఇంకోసారి చెప్పండక్కా" అంటూ అదీ వదలదు. సుందరికి ఒళ్లు మండిపోయింది. పైగా అమ్మాజీ రాజోలు వెళ్లి ఫొటో తీయించుకుందట. తనకి మాటమాత్రం చెప్పలేదు. ఆ పిల్లతో కలిసి దిగే ఉంటుంది!

శుక్రవారం వీరవేణి నవ్వుతూ వచ్చి సుందరిని "సోనెలా!" అని పిలిచింది.

సోనెల అంటే స్నేహితురాలు. పుట్టుక: తాడు పేనేటప్పుడు అవతలి కొస పట్టుకునే మనిషి.

"నీకు సోనెలని నేనెప్పుడయ్యానే!" అని అరిచి, సుందరి అమ్మాజీ వైపు తిరిగింది. "ఇక నీకూ నాకూ మాటల్లేవు. తెలుగులో కూడా!"



ఆదివారం అందరూ చర్చిలో ఉన్నప్పుడు, సుందరి అమ్మాజీ ఇంటి చూరులోంచి నోటుపుస్తకం లాగి కాలవగట్టుకి వెళ్లింది. ఏడుస్తూ ఒక్కో కాగితం చించి నీళ్లలోకి విసిరింది. లిరిమ పోయింది. సోనెల పోయింది. రెండు వందల పన్నెండు మాటలూ పోయాయి.

చివరి కాగితం మీద తనకి తెలియని మాట ఒకటి, అమ్మాజీ దస్తూరీలో ఉంది.

"మివారి: నేను కువైట్ వెళ్లిపోయాక, సుందరి ఒక్కత్తీ అయిపోకుండా దాంతో ఈ భాష మాట్లాడే మనిషి, పుట్టుక: వీరవేణి."