బంతీ మూకుడూ

"చెయ్యి తలపైకి లేస్తదా, లేదా? అది చెప్పండి డాక్టరమ్మా" అంది రత్తమ్మ. "క్వారీలో అందరూ గుంటలోంచి పైకొచ్చారని మా ఆయన ఎర్రగుడ్డ ఎత్తి చూపితేనే రాళ్ళు పేల్చే తూటాకు నిప్పు పెడతారు. చెయ్యి లేవకపోతే ఇంక పనేముంది ఆయనకు?"

జక్కయ్య పక్కనే కూర్చున్నాడు. రెండు నెలల కిందట పిడుగురాళ్ల క్వారీలో తూటా పేలినప్పుడు రాయి ఎగిరొచ్చి తగిలింది. కుడి భుజంలో ఎముక తల నుజ్జయింది. ఆ పేలుడులోనే అతని తమ్ముడు పోయాడు.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టర్ విశాలాక్షి బల్లమీద రెండు కొయ్య నమూనాలు పెట్టింది. ఒకటి గిన్నెలో బంతి. రెండోది, కుండ మీద మూసే మూకుడులో బంతి.

"తుంటి కీలు గిన్నె. భుజం కీలు మూకుడు. బంతిలో మూడోవంతే దానికి ఆనుతుంది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది."

"మరి జారిపోదూ?" అంది రత్తమ్మ.

జక్కయ్య నోరు విప్పాడు. "క్వారీలో రాళ్ళు లేపే స్తంభం పాతిన గుంట వల్ల నిలబడుద్దా? చుట్టూ కట్టిన నాలుగు తాళ్ళ వల్ల నిలబడుద్ది."

డాక్టర్ రాస్తున్నది ఆపింది. "భుజానికీ నాలుగు కండరాలే, జక్కయ్యా. నీవి బాగున్నాయి. కొలతలు పంపి మద్రాసులో మూకుడు రకం కొత్త కీలే చేయించి పెడతాను. చెయ్యి పూర్తిగా లేస్తుంది. గిన్నె కీలైతే జారదు గానీ, చెయ్యి భుజం ఎత్తు దగ్గరే ఆగిపోతుంది."

"మూకుడే చేయించండమ్మా. రోజూ అదే కల ఈయనకు. నిద్దట్లో చెయ్యి, చెయ్యి అంటా ఉంటాడు."

"ఏం కల?"

జక్కయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

"సున్నం బట్టీల పొగ, అమ్మా. మబ్బులాగా గట్టు మీదికి వస్తది. చప్పుడుండదు. నేను గట్టున నిలబడి ఉంటాను. నొప్పి ఉండదు. చెయ్యి దానంతటదే లేస్తది, మడిలోంచి కొంగ లేచినట్టు. గుడ్డ విచ్చుకుంటది."

డాక్టర్ నవ్వింది. "ఆ కల నిజం చేద్దాం" అంటూ కాగితం మీద 'మూకుడు' అని రాయబోయింది.

జక్కయ్య ఎడమచేత్తో గిన్నె నమూనాను ఆమె ముందుకు జరిపాడు.

"ఇది చాలు."

"ఏందయ్యా, మతి పోయిందా? దాంతో చెయ్యి లేవదంటంది గదా!" అంది రత్తమ్మ.

"కలలో రోజూ లేస్తోందన్నావుగా?" అంది డాక్టర్.

"లేస్తదమ్మా. తమ్ముడు కోటేశ్వర్లు ఇంకా గుంటలోనే ఉన్నాడు, ఎత్తబాక, ఎత్తబాక అని నాకు నేనే అరుస్తా ఉంటాను. అయినా లేస్తది."